పదమూడు వందల గంటల మడ్డి

2018 వానాకాలం మొదట్లో నాకు మేడ్చల్ హైవే పక్కనున్న ఒక వర్క్‌షాపులో డ్యూటీ వేశారు. అప్పటికి నేను ఒక కార్ల కంపెనీలో వారంటీ ఇన్‌స్పెక్టర్‌ని. రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లుంది. వారంటీ ఇన్‌స్పెక్టర్ అంటే ఏం చేస్తాడని ఇప్పటికీ అడుగుతుంటారు. గడువు లోపల బండి చెడిపోతే కంపెనీ తన ఖర్చుతో బాగుచేయాలి. అయితే అది తయారీలో లోపమా, వర్క్‌షాపు వాళ్ల తప్పా, వాడినవాడి నిర్వాకమా అన్నది ఎవరో ఒకరు తేల్చాలి కదా. తేల్చేవాణ్ణి నేను. ప్రతి కేసులోనూ ఇద్దరు ఊపిరి పీల్చుకుంటారు, మూడోవాడు నన్ను తిట్టుకుంటాడు. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో సంపాదించుకున్న స్నేహితులెందరో చెప్పమంటే నేను వేళ్లు మడవాల్సిన పని లేదు.

మేడ్చల్‌లో ఇనుప సామాన్ల దుకాణం పైన ఒక గది తీసుకున్నాను. నా భార్య గుంటూరులో టీచరు. నా బదిలీల వెంట తిరగలేక పదేళ్లుగా అక్కడే ఉండిపోయింది. రోజూ సాయంత్రం ఏడింటికి ఫోన్ చేసి తిన్నారా అని అడిగేది. తిన్నానని చెప్పేవాణ్ణి, చాలాసార్లు అది అబద్ధమే. వర్క్‌షాపులో నేను అడుగుపెడితే పాటలు ఆగిపోయేవి. మధ్యాహ్నం మెకానిక్‌లంతా షెడ్డు వెనక డబ్బాలు విప్పుకుని గుండ్రంగా కూర్చుంటే, నేను మేనేజరు గదిలో తలుపు వేసుకుని ఒక్కణ్ణే తినేవాణ్ణి. పిలవకపోవడం వాళ్ల తప్పు కాదు. రేపు ఎవరి మీద రిపోర్టు రాస్తాడో తెలియనివాడితో ఎవరు మాత్రం కూర పంచుకుంటారు? ఒంటరితనం నా జీతంలో కలిపి ఇచ్చారనుకుని సరిపెట్టుకునేవాణ్ణి. సరిపెట్టుకున్నాను గానీ అలవాటు మాత్రం కాలేదు.

నేను వెళ్లిన మూడో వారంలో శామీర్‌పేట నుంచి ఒక పెద్ద డీజిలు బండిని తాళ్లు కట్టి లాక్కొచ్చారు. దాని యజమాని అంజిరెడ్డి, నా ఈడువాడే. ఒకప్పుడు వ్యవసాయం. ఇప్పుడు ఆ భూమి ప్లాట్ల వెంచర్ అయింది. వెంట వచ్చిన కొడుకు శ్రీకాంత్ ప్లాట్ల వ్యాపారం చేస్తాడు, ఊళ్లో నలుగురిని వెంటేసుకుని తిరిగే మనిషి. మీటరు మీద ఆయిల్ దీపం ఎర్రగా వెలిగిందట, ఇంజిన్లో టకటకమని చప్పుడొచ్చిందట, కాసేపటికి ఆగిపోయిందట. బండి కొని రెండేళ్లు కూడా కాలేదు. వారంటీ ఉంది.

ఇంజిను అడుగున నూనె నిలిచే తొట్టిని మావాళ్లు చాంబర్ అంటారు. దాన్ని విప్పించాను. లోపల నూనె లేదు, మడ్డి ఉంది. నల్లగా, బంకగా, స్క్రూడ్రైవరుతో గీకితే ముద్దలుగా ఊడి వచ్చేంత చిక్కగా ఉంది. నూనెను పైకి పీల్చే గొట్టం మూతికి ఒక జల్లెడ ఉంటుంది. అది పూర్తిగా పూడుకుపోయింది. నూనె పైకి ఎక్కక బేరింగులు అరిగి, ఇంజినులో తిరిగే ఇరుసును, అంటే క్రాంకును, పట్టేశాయి. ఇంజిను చచ్చింది అనడానికి ఇంతకంటే వివరం అక్కర్లేదు.

సర్వీసు పుస్తకం ప్రకారం మాత్రం అంతా సవ్యంగా ఉంది. నూనె పదివేల కిలోమీటర్లకో ఏడాదికో, ఏది ముందొస్తే అప్పుడు మార్చాలి. పదకొండు నెలల కిందటే ఇదే వర్క్‌షాపులో మార్చినట్టు జాబ్ కార్డు ఉంది. ఆ తర్వాత బండి తిరిగింది రెండువేల నాలుగొందల కిలోమీటర్లు. అంత కొద్ది తిరుగుడుకి నూనె మడ్డి కాదు. కాబట్టి నూనె మార్చనే లేదన్నది మొదట ఎవరికైనా తట్టే మాట. శ్రీకాంత్‌కు వెంటనే తట్టింది.

"పాత నూనె మీదనే ఇంత కొత్తది పోసి పంపిండ్రు సార్. మార్చకుండనే మార్చినమని రాసుకున్నరు. నాకు తెల్వదా గీళ్ల సంగతి?" అని షెడ్డంతా వినబడేలా అరిచాడు. ఆ రోజే కంపెనీకి తన పేరుతో రాతపూర్వకంగా ఫిర్యాదు పంపాడు.

అలాంటి మోసం మా వృత్తిలో ఉంది, లేదనను. నేనే నాలుగైదుసార్లు పట్టుకున్నాను. జాబ్ కార్డు మీద సంతకం బిక్షపతిది. పదిహేడేళ్లుగా అక్కడ పనిచేస్తున్న సీనియర్ మెకానిక్. వాళ్ల నాయిన శామీర్‌పేట చెరువులో చేపలు పట్టేవాడు. ఇతను వలకు బదులు పానా పట్టుకుని, మచ్చ బొల్లారంలో అద్దె ఇంట్లో కాపురం పెట్టాడు. పని చేయకుండా జాబ్ కార్డు మీద సంతకం పెట్టినట్టు తేలితే కంపెనీ నియమం ఒక్కటే: ఆ రోజే తీసేస్తారు. పేరు రాష్ట్రంలోని మా వర్క్‌షాపులన్నిటికీ పంపుతారు. ఇక అతణ్ణి ఎవరూ గడప ఎక్కనివ్వరు.

బిక్షపతిని పిలిచి అడిగాను. చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. బతిమాలలేదు, ఒట్లు పెట్టలేదు.

"మార్చిన సార్. ఇంజిను వేడి మీదుండంగనే చాంబర్ బోల్టు ఇప్పుత నేను. సల్లబడ్డంక ఇప్పితే అడుగున ఉన్న చెత్త రాదు. బోల్టు ఇప్పి, పోయి చాయ తాగొస్త. ఆఖరి బొట్టు దాక కారాలె. పదిహేడేండ్ల కాంచి గిదే జేస్తున్న. గంతకన్న నేనేం చెప్పాలె?"

చేతిగుడ్డ భుజాన వేసుకుని, "గీ పని తప్ప నాకింకో పని రాదు సార్" అన్నాడు.

నాకు అతని మీద నమ్మకం కుదరలేదు, అలాగని అనుమానమూ నిలవలేదు. నా ఉద్యోగంలో మాటలకు మార్కులు వేయను. ఆయిల్ ఫిల్టరు విప్పించాను. దాని అంచున మేకుతో గీసిన తేదీ, 'బి' అన్న అక్షరం కనిపించాయి. తను బిగించిన ప్రతి ఫిల్టరు మీదా అలా గీయడం అతని అలవాటట. తేదీ జాబ్ కార్డుతో సరిపోయింది. అయితే ఫిల్టరు మార్చినవాడు నూనె కూడా మార్చాడని అది రుజువు చేయదు. కంపెనీలో నా పైవాళ్లు ఆ మాటే అంటారు.

మర్నాడు పొద్దున స్కానర్ తగిలించాను. ఇంజినుకు ఒక చిన్న కంప్యూటర్ ఉంటుంది. ఇంజిను మొత్తం ఎన్ని గంటలు నడిచిందో అది లోపల రాసిపెట్టుకుంటుంది. డ్రైవరుకు కనబడే మీటరు దూరాన్నే లెక్కపెడుతుంది, ఇది కాలాన్ని లెక్కపెడుతుంది. ఈ అంకెను మామూలుగా ఎవరూ చూడరు, నేనూ చాలా కేసుల్లో చూడలేదు. ఆ రోజు చూశాను. పదిహేడు వందల పది గంటలు. క్రితం సర్వీసులో తీసిన ప్రింటు జాబ్ కార్డు కవరులోనే మడతపెట్టి ఉంది. అందులో నాలుగు వందల పది.

పదకొండు నెలల్లో పదమూడు వందల గంటలు. అన్ని గంటల్లో బండి వెళ్లింది రెండువేల నాలుగొందల కిలోమీటర్లు. పిల్లాడు పాకుతూ వెళ్లినా ఇంతకంటే ఎక్కువ దూరమే పోతాడు. అంటే రోజుకు దాదాపు నాలుగు గంటలు ఆ ఇంజిను ఉన్నచోటనే నిలబడి నడిచింది. అలా నడిస్తే ఇంజిను పూర్తిగా వేడెక్కదు. సరిగా కాలని డీజిలూ మసీ కిందికి దిగి నూనెలో కలుస్తాయి. ఆవిరైపోవలసిన తడి అక్కడే ఉండిపోతుంది. మంచి నూనె పోసినా మడ్డి అవుతుంది. ఎక్కువసేపు నిలబెట్టి నడిపే బండికి సగం గడువులోనే నూనె మార్చాలని పుస్తకం చివర సన్నటి అక్షరాల్లో ఉంటుంది. ఆ పేజీ చదివిన కస్టమరు నాకు ఇంతవరకు తారసపడలేదు.

బిక్షపతి తప్పు లేదని అప్పుడే తేలిపోయింది. అయితే నాకింకో ప్రశ్న మిగిలింది. ముందు ఏడాదంతా ఆ బండి మామూలుగానే తిరిగింది. పదకొండు నెలల కిందట ఏమైంది? ఎక్కడ నిలబడింది అన్ని గంటలు?

జవాబు కోసం నేను ఎక్కడికీ వెళ్లనక్కర్లేకపోయింది. విప్పిన బండిని స్టాండ్ల మీద నిలిపి షెడ్డు మూలన పెట్టాం. స్కాన్ చేసిన మరుసటి పొద్దున ఎనిమిదిన్నరకు వెళ్లేసరికి డ్రైవరు సీట్లో అంజిరెడ్డి కూర్చుని ఉన్నాడు. శామీర్‌పేట నుంచి ఆటో మాట్లాడుకుని వచ్చాడట. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి, ఎదురుగా ఉన్న గోడకేసి చూస్తున్నాడు. ఇంజిను చచ్చిన బండిలో ఏం చేస్తున్నారని అడగబోయి, ఎందుకో అడగలేకపోయాను. అవతలి తలుపు తీసి పక్కన కూర్చున్నాను. గంటల సంగతి చెప్పి, మీరు బండి ఎక్కడ నిలబెడతారని మెల్లగా అడిగాను.

అంజిరెడ్డి స్టీరింగు మీది చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. తర్వాత అన్నాడు.

"పొద్దుగాల లేస్తే పొలం కాడికి పోవుడు నలభై ఏండ్ల అలవాటు సారూ. పొలమైతే పోయినేడు అమ్మినం గని, కాళ్లు ఊకుంటలెవ్వు. ఇంట్ల ఏమని చెప్పిన్నంటే, వెంచరోళ్లు నాకు ఆఫీసుల కుర్చేసిండ్రు, పనులు జూసుకుంటున్న అని. ఆఫీసు లేదు, ఏం లేదు. గేటు కాడ వాచ్‌మన్ గూడ నన్ను లోపటికి రానియ్యడు. గోడ పక్కకు బండి పెట్టుకోని కూసుంట. చెట్లన్ని కొట్టేసిండ్రు, నీడ లేదు. ఏసీ ఏసుకుంట. ఒంటిగంటకు ఇంటికి పోయి బువ్వ తింట."

మీరు రైతు కదా, ట్రాక్టరుకు గంటల లెక్కనే నూనె మారుస్తారు కదా, ఆ మాత్రం తెలియదా అన్నాను. నా గొంతులో ఇన్‌స్పెక్టరు కరకుదనం ఇంకా పోలేదు.

"తెల్వకేం సారూ. ట్రాక్టరైతే గంటలు లెక్క పెడతం, అది పని జేస్తది గద. గీ బండిల నేను జేసే పనేమున్నది? ఊకెనే కూసుంటున్న. గిది గూడ లెక్కకొస్తదని నాకెట్ల తెలుస్తది?"

నేను పుస్తకాల్లో చదివిన నూనె సూత్రాలేవీ ఆ మాటకు పనికిరావు. ఆయన పక్కన ఆ బండిలో కూర్చున్న పావుగంట, మేడ్చల్ వచ్చాక నేను ఇంకో మనిషి పక్కన అంతసేపు కూర్చున్న మొదటిసారి.

బిక్షపతి సంగతి చెప్పాను. గంటల లెక్క రిపోర్టులో రాయకపోతే అతని ఉద్యోగం పోతుందని, రాస్తే వారంటీ రాదని చెప్పాను. అంజిరెడ్డి వెంటనే తల ఊపాడు.

"రాయి సారూ. ఆయన తప్పేం లేదు. ఇంజిను నేనే ఏయించుకుంట. ఒక్కటే అడుగుత. గా కాయితం మావోని చేతికి ఇచ్చేముందు నాకు చెప్పు. ఒక్క రోజు ముందు. ఆఫీసు ముచ్చట నేనే ఇంట్ల చెప్పుకుంట. ఇంకొకల నోటెంట ఇంటే మంచిగుండదు."

సరేనన్నాను. ఆ మాట అన్నప్పుడు నిజంగానే అన్నాను.

మర్నాడు పదిగంటలకు రిపోర్టు సిద్ధమైంది. ఫిర్యాదు శ్రీకాంత్ పేరు మీద ఉంది కాబట్టి నియమం ప్రకారం ఒక ప్రతి అతనికి, ఒకటి కంపెనీకి వెళ్లాలి. కంపెనీ వాళ్లు మర్నాటి సాయంత్రానికి పంపితే చాలన్నారు. అంజిరెడ్డికి ఫోన్ చేద్దామని నంబరు వెతుకుతుండగా షెడ్డులో గోల వినిపించింది. శ్రీకాంత్ నలుగురిని వెంటబెట్టుకుని వచ్చాడు. బిక్షపతిని మధ్యలో నిలబెట్టి దొంగ అంటున్నాడు. పదిహేను మంది పనివాళ్లు పానాలు పట్టుకుని చూస్తున్నారు. అంజిరెడ్డి అప్పటికే వచ్చి మూలనున్న బండిలో ఎప్పటిలాగే కూర్చుని ఉన్నాడు. ఆయన కొడుకును చూశాడు, కొడుకు ఆయన్ని చూడలేదు.

నేను కాగితాలు పట్టుకుని బయటికి వచ్చాను. నాకు కోపం వచ్చిన మాట నిజం. కానీ కోపం ఒక్కటే అయితే శ్రీకాంత్‌ను గదిలోకి పిలిచి, రేపటి దాకా ఆగమని చెప్పి ఉండవచ్చు. పనివాళ్లందరూ నావైపు తిరిగారు. వాళ్ల చూపుల్లో నా మీద ఆశ కనిపించింది. ఏ వర్క్‌షాపులోనూ నన్నెవరూ అలా చూడలేదు. ఆ చూపు నాకు ఎంత అవసరమైందో ఆ క్షణందాకా నాకే తెలియదు. అక్కడే నిలబడి రిపోర్టు పైకి చదివాను. ఫిల్టరు మీది తేదీ, రెండు ప్రింట్ల అంకెలు, పదమూడు వందల గంటలు, బండిని రోజూ వెంచర్ గోడ పక్కన నిలిపి ఇంజిను నడిపినట్టు యజమాని స్వయంగా చెప్పిన మాట, అన్నీ గట్టిగా చదివాను. నూనె మార్పులో మెకానిక్ లోపం ఏమీ లేదన్న ఆఖరి వాక్యం రెండుసార్లు చదివాను.

శ్రీకాంత్ చుట్టూ చూసి, మూలనున్న బండి దగ్గరికి నడిచాడు.

"బాపూ, గోడ పక్కకేంది? ఆఫీసుల కూసుంటున్న అన్నవ్ గద? నేను మొన్ననే మా దోస్తులకు గూడ చెప్పిన..." అని ఆగిపోయాడు. అతని వెంట వచ్చిన నలుగురిలో ఒకడు కిసుక్కున నవ్వాడు. శ్రీకాంత్ వాణ్ణి తిట్టాడు. తండ్రి మీద ప్రేమ లేనివాడు కాదు. కానీ ముఖం అవమానంతో కందిపోయింది. అది తనకు జరిగిన అవమానమో తండ్రికి జరిగిన అవమానమో అతనికే తెలిసినట్టు లేదు.

అంజిరెడ్డి బండి దిగాడు. తలుపు చప్పుడు కాకుండా మూశాడు. నా పక్కనుంచే వెళ్లాడు. ఏమన్నా అంటాడేమోనని చూశాను. నావైపు చూడను కూడా చూడలేదు. "పా పోదాం" అని కొడుకుతో అని ముందు నడిచాడు.

ఆ మధ్యాహ్నం బిక్షపతి మేనేజరు గది తలుపు కొట్టాడు. "సార్, మాతోని తినుర్రి" అన్నాడు. షెడ్డు వెనక గోనెపట్టా మీద నాకు చోటిచ్చారు. బిక్షపతి తన ఇంటి నుంచి తెచ్చిన చేపల పులుసు నా అన్నంలో పోశాడు. ఎవరో మళ్లీ పాటలు పెట్టారు. ఎన్నో ఏళ్ల తర్వాత నలుగురి మధ్య కూర్చుని తిన్నాను. పులుసు బాగుంది. ఇది నేను దేనికి బదులుగా తింటున్నానో వాళ్లకు తెలియదు, నాకు తెలుసు.

అంజిరెడ్డి మళ్లీ వర్క్‌షాపుకు రాలేదు. కొత్త ఇంజిను వేయించుకుని బండిని శ్రీకాంత్ మనుషులు తీసుకెళ్లారు. ఆరు నెలల తర్వాత సర్వీసుకు ఒక డ్రైవరు తెచ్చాడు. చాంబర్ బోల్టు విప్పితే నూనె పలచగా కారింది, మడ్డి జాడే లేదు. స్కానరులో గంటలూ కిలోమీటర్లూ చక్కగా పొసిగాయి. ఏ లెక్కన చూసినా ఆ బండి ఆరోగ్యంగా ఉంది. పెద్దాయన ఎలా ఉన్నారని డ్రైవరును అడిగాను.

"పెద్దపటేలా సార్? బండెక్కుతలేడు. తాళంచెయ్యి చిన్నపటేల్ కాన్నే ఉంటది. బయటికే ఎల్తలేడు, ఎప్పుడు జూసినా మిద్దె మీది అర్రల పండుకునే ఉంటడు" అన్నాడు.

ఇంజిన్ల గురించి ఈ కేసు నేర్పింది చిన్న విషయమే. ఆ తర్వాత ఏ బండి వచ్చినా కిలోమీటర్లతో పాటు గంటలు కూడా చూశాను. నా చేతికింద తర్ఫీదు పొందినవాళ్లకూ అదే నేర్పాను. నిలబడ్డ బండి నూనె పాడవదనే భ్రమ నాకు తెలిసిన ఊళ్లన్నిటిలో ఉంది.

రెండోది ఉద్యోగ నిబంధనల్లో లేని సంగతి. రిటైరయ్యేదాకా ఉన్న ఆ కొద్దికాలంలో, నా రిపోర్టు వల్ల ఎవరి ఇంటి గుట్టు బయటపడుతుందో వారికి ఒక రోజు ముందు చూపించడం పద్ధతిగా పెట్టుకున్నాను. ఒకరిద్దరు ఆ రోజును సాకులు వెతుక్కోవడానికి వాడుకున్నారు. మిగిలినవాళ్లు ఇంటికి వెళ్లి తమ మాట తామే చెప్పుకున్నారు. దానివల్ల ఏ రిపోర్టులోనూ ఒక్క అక్షరం మారలేదు, ఏ మెకానిక్‌కూ అన్యాయం జరగలేదు. బిక్షపతి ఉద్యోగం కూడా మర్నాటి దాకా ఆగినా నిలిచేదే. అంజిరెడ్డి నన్ను అడిగింది ఆ ఒక్క రోజే. మెకానిక్‌ను కాపాడడానికి ఆయనకు అది ఇవ్వలేకపోయానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు.